రేపు నింపబోయే కరెంటు

నంద్యాల నుంచి గిద్దలూరు పోయే దారిలో ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఒక మలుపు దగ్గర ఎడమచేతి వైపు లోయ కనబడుతుంది. ఓబుళమ్మ దాన్ని పాతికేళ్ల పైచిలుకు చూసింది. చూసిందంటే నిజంగా చూసిందని కాదు. కండక్టరుకు చూసే తీరిక ఎక్కడుంటుంది? చిల్లర లేదని ఒకడితోనూ, సీటు లేదని ఇంకొకడితోనూ పోట్లాడి తల తిప్పేసరికి లోయ వెనక్కి పోయేది. ఎవరికైనా కడుపులో తిప్పితే బస్సు అక్కడ ఆగేది. అప్పుడు కూడా వాళ్ల వీపు రాస్తూ నిలబడటమే ఆమె పని. రిటైరయ్యాక మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చి ఆ మలుపులో ఒక పూటంతా కూర్చోవాలనుకుంది. తీరా రిటైరయ్యే నాటికి ఊపిరితిత్తులు ఆమె మాట వినడం మానేశాయి.

గట్టిపడిపోయాయన్నాడు డాక్టరు. గాలిలో నుంచి ఆక్సిజన్ పట్టి ఇచ్చే మిషను ఒకటి రాసిచ్చి, రాత్రింబవళ్లు ముక్కుకు గొట్టం ఉండాల్సిందేనన్నాడు. గొట్టం ఉంటే ఇంకా కొన్నేళ్లకు ఢోకా లేదు, లేకపోతే ఒక పూట కూడా కష్టం. అలా ఆ మిషను గుర్రుమంటూ వచ్చి మంచం పక్కన చేరింది. అప్పటి నుంచి కరెంటు పోయిందంటే ఆ ఇంట్లో ముందు ఆగేది ఫ్యాను కాదు, మద్దిలేటి గుండె.

మద్దిలేటి ఆమె మేనమామ కొడుకు, ఆమె మొగుడు. కర్నూలు బయట బ్యాటరీల మీద పరిశోధన చేసే ఒక ల్యాబులో ఇంజనీరు. భార్య కోరికలన్నీ నవ్వి దాటేయడం ఆయనకు అలవాటే. దీన్ని మాత్రం దాటలేకపోయాడు.

"బావా, ఆ మలుపు కాడ ఒక్క పూట కూర్చుంటే చాలు నాకు. ఇంకేం అడగను."

"మరి మిషనో?"

"దాన్నీ కూర్చోబెడదాం. అదేమన్నా సీటు అడగతాదా?"

పాత చిన్న లారీ ఒకటి కొని, తొట్టి మీద రేకులతో గది కట్టించాడు. అందులో ఒక మంచం, ఒక పొయ్యి, పెద్ద కిటికీ. ల్యాబులో వాళ్లు దాన్ని క్యాంపర్ అన్నారు. ఓబుళమ్మ బస్సనే అంది. డ్రైవరు సీటుకూ గదికీ మధ్యనున్న రేకు మీద ఆమె ఒక దెబ్బ కొడితే ఆపాలి, రెండు కొడితే పోవాలి. విజిల్ ఊదే ఊపిరి లేదు కాబట్టి ఈ ఏర్పాటు.

బండి సిద్ధమైంది గానీ మలుపు దాకా చేరలేదు. ఇళ్లలో ఇన్వర్టర్లకు పెట్టే బ్యాటరీలు రెండు పెడితే, గాజులపల్లె చేరకముందే అవి చేతులెత్తేశాయి. లారీ డైనమో వాటిని నింపే స్థితిలో లేదు, దాని బతుకే అంతంతమాత్రం. రెండుసార్లు బయలుదేరి రెండుసార్లూ సగం దారిలో వెనక్కి వచ్చారు. రెండోసారి ఓబుళమ్మ కిటికీ మూసేసింది. ఆ మర్నాడే మద్దిలేటి ల్యాబులో నుంచి కొత్త రకం బ్యాటరీ సెల్ ఒకటి అడిగి తెచ్చాడు.

ఆ సెల్ సంగతి చెప్పాలి. అదొక వింత. ఒకనాడు జిలానీ అనే ఇంజనీరు, లోపల చుక్క కరెంటు లేని సెల్‌కు బల్బు తగిలించి చూశాడు. బల్బు వెలిగింది. పూటంతా వెలిగింది. సాయంత్రం ఎప్పటిలాగే చార్జింగ్‌కు పెడితే, పొద్దున ఎంత ఖర్చయిందో సరిగ్గా అంతే పుచ్చుకుంది. అప్పటి నుంచి ల్యాబులో ఎవరికీ నిద్రల్లేవు. ఈ రోజు బల్బు వెలిగించుకుందాం, తర్వాత చచ్చినా చార్జి చేయవద్దు అని ఒట్టు పెట్టుకున్న రోజున బల్బు వెలగలేదు. ఒక్కసారి మాత్రం అట్లా ఒట్టేసినా వెలిగింది. సెల్‌ను మోసం చేశామని అందరూ చంకలు గుద్దుకున్నారు. ఆ తర్వాత కొత్తగా చేరిన ఒక అమ్మాయి తెలియక దాన్నే తీసి చార్జింగ్‌కు పెట్టిందని బయటపడింది.

పరీక్షలన్నీ అయ్యాక తేలింది ఒక్కటే. రాబోయే పక్షం రోజుల్లో దానిలోకి ఎంత పోబోతోందో, అంత ఇప్పుడే ఇస్తుంది. పక్షం దాటిన సంగతి దానికి తెలియదు. ఇచ్చిందంటే నింపబోతున్నారని, ఇవ్వలేదంటే నింపబోవడం లేదని అర్థం. ఇంత తెలిశాక లోపలికి పోయే కరెంటును కొలిచే మీటర్లెందుకని ల్యాబులో వాటిని ఊడబీకేశారు.

సుబ్బరాయుడు పోయిన తర్వాత ఇంకో అలవాటు కూడా వచ్చింది. ఆయన ల్యాబులో పాత మెకానిక్కు. ఆయన బల్లమీది దీపానికి పెట్టుకున్న సెల్ ఒక ఉదయం వెలగలేదు. నవ్వుకుంటూ పక్కవాడి సెల్ తీసుకొని పని చేసుకున్నాడు. ఆ వారంలోనే స్నానానికి పోయి, గుండె ఆగి అక్కడే పడిపోయాడు. ఆ బల్ల మీద సెల్ నింపేవాళ్లు లేకపోయారు. ఇక అప్పటి నుంచి ఎవరి సెల్ వెలగకపోయినా ల్యాబులో ఎవరూ తీగ పట్టుకొని చూడలేదు. ఆ మనిషి మొహం చూసేవాళ్లు.

అటువంటి సెల్ తెచ్చి మద్దిలేటి బండిలో పెట్టాడు. పాత బ్యాటరీలు తీసేశాడు. డైనమో మార్చాడు, పైకప్పు మీద సోలార్ పలక బిగించాడు. డైనమో తీగా పలక తీగా పొయ్యి గట్టు కింద పెట్టెలో ఒక రాగి పట్టీ మీద కలిసి సెల్‌లోకి పోయేటట్టు చేశాడు. మీటరు పెట్టలేదు. ఓబుళమ్మ మంచం మీద కూర్చొని ఆయన చెమటలు కక్కుతుంటే చూస్తూ ఉంది.

"అంటే రేపు ఎక్కబోయేటోళ్లకు ఈ పొద్దే టికెట్టు కొట్టేస్తాదన్నమాట," అంది.

"అట్లే అనుకో."

"రేపు బస్సే లేకపోతేనో?"

"లేకపోతే ఈ పొద్దు టికెట్టే తెగదు."

"భలే కండక్టరే. నాకన్నా నయం," అని నవ్వబోయి దగ్గింది. మద్దిలేటి పానా కింద పెట్టి, దగ్గు తగ్గేదాకా ఆమె వీపు రాస్తూ కూర్చున్నాడు.

పని పూర్తయిన రోజున పాలు పొంగించాల్సిందేనని పట్టుబట్టింది. "నాలుగు గోడలు, పొయ్యి, మంచం. ఇల్లు కాకపోతే ఏంది ఇది?" అంది. గొట్టం చేత్తో పక్కకు తోసుకుంటూ తనే గిన్నె పెట్టింది. చిన్న పొయ్యి, చిన్న గిన్నె, ఆమె పోసిన పాలు మాత్రం ఎక్కువ. పొంగి గట్టంతా పారి సందుల్లోంచి కిందికి కారాయి. మద్దిలేటి గుడ్డ తీసుకున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుంది.

"తుడవాకు బావా. పొంగిన పాలు ఆ పొద్దు మా అమ్మ తుడవనిచ్చేది కాదు. ఇంట్లో ఉండనీ."

చాలా కాలానికి ఆమె మొహంలో వెలుగు చూశాడు. గుడ్డ పక్కన పడేశాడు. మర్నాడు గట్టు మీద తుడిచాడు. కింద పెట్టె తెరవలేదు.

ఆ తర్వాతి రోజులు ఇద్దరికీ పండగే. మహానంది పోయారు, అహోబిలం పోయారు, బెలుం గుహల బయట చెట్టు కింద వండుకొని తిన్నారు. ఎక్కడా మిషను ఆగలేదు. మలుపుకు మాత్రం ఆమె ఇప్పుడే వద్దంది. అది చూసేస్తే తర్వాత చూడటానికి ఏముంటుందని ఆమె లెక్క. మద్దిలేటి లోలోపల పొంగిపోయాడు. పక్షం తర్వాత పక్షం సెల్ ఇస్తూనే ఉందంటే, వచ్చే పక్షమూ ఓబుళమ్మ ఉంటుందనే కదా అర్థం. బండిలో దీపం వెలిగినప్పుడల్లా ఆమె ఆయుష్షుకు ఎవరో ముద్ర కొట్టి ఇచ్చినట్టుండేది ఆయనకు. అంత ధైర్యం డాక్టరు కూడా ఇవ్వలేదు.

యాగంటిలో ఉండగా దీపం మసకబారింది.

ఆ పూట ఓబుళమ్మ కాకుల కోసం వెతుకుతూ కిటికీ దగ్గర కూర్చుంది. ఆ కొండల్లో కాకులుండవంటారు కదా, ఒక్కటైనా కనబడితే అందరికీ చెప్పి నవ్వొచ్చని ఆమె ఆశ. సాయంత్రానికి ఫ్యాను నెమ్మదించింది. తెల్లారేసరికి మిషను కూత పెట్టింది. మద్దిలేటి ఆమె గొట్టం తీసి సిలిండరుకు తగిలించాడు. అత్యవసరానికని తెచ్చుకున్నవి రెండే సిలిండర్లు. బయటికి వచ్చి, బండి వెనక నిలబడి జిలానీకి ఫోన్ చేశాడు.

"జిలానీ, సెల్ ఇస్తాలేదు."

"ఎంత సేపటి నుంచన్నా?"

"నిన్నటి నుంచి తగ్గుతా తగ్గుతా వచ్చె. ఇప్పుడు అసలే లేదు."

తీగలు చూశావా అన్నా, అని అడగవలసిన మనిషి జిలానీ. వాహనాల పనిలో పుట్టి పెరిగినవాడు, మామూలు బ్యాటరీ అయితే అడిగేవాడే. అడగలేదు.

"వదిన ఎట్ల ఉండాది?" అన్నాడు.

మద్దిలేటి ఫోన్ పెట్టేసి చక్రానికి ఆనుకొని కూర్చున్నాడు. ఈ పక్షంలో ఎవరూ ఈ సెల్‌ను నింపబోవడం లేదు. ఆమె ఉంటే తను నింపకుండా ఉంటాడా? ఉండడు. కాబట్టి ఆమె ఉండదు. లెక్క అంత సులువుగా తేలిపోయింది, ఎటు తిప్పి చూసినా తేలిపోయింది. తన చేతులతో తెచ్చి, తన చేతులతో బిగించిన సెల్ తనతో అబద్ధం చెప్పదు.

లోపలికి వచ్చేసరికి ఓబుళమ్మ ఆయన మొహమే చూస్తోంది. పాతికేళ్లు మనుషుల మొహాలు చూసి టికెట్టు కొన్నాడో లేదో చెప్పిన మనిషి దగ్గర ఏం దాస్తాడు?

"టికెట్టు తెగలేదా బావా?"

ఆయన వంగి సిలిండరు ముల్లు చూశాడు.

"ఏమన్నా చేసే దోవ ఉందా?"

"లేదు," అన్నాడు.

ఉంది. ఇంజను బ్యాటరీకి రెండు తీగలు తగిలించి, ఇంజను ఆపకుండా తిప్పుతూ మిషను నడపొచ్చు. పక్కనే బనగానపల్లెలో ఆస్పత్రి ఉంది. ఎవరి ఇంట్లోకైనా పోయి ప్లగ్గు పెట్టుకోనివ్వమంటే కాదనేవాళ్లుండరు. ఇవన్నీ మద్దిలేటికి తెలియక కాదు. తెలిసి కూడా, జరగబోయేది తెలిసిపోయిందని నమ్మిన మనిషికి చేతులు ఆడవు. ఏం చేసినా అక్కడికే చేరుతుందని అనిపిస్తే చివరి పూట ఆమెను ఆస్పత్రి వరండాలో పడుకోబెట్టడం ఎందుకనిపిస్తుంది.

"అయితే మలుపు కాడికి పోదాం పా," అంది ఓబుళమ్మ. కాసేపాగి, "ఇంకొన్నాళ్లుంటే బాగుండు. కాకిని చూసేదాన్ని," అంది. రేకు మీద రెండు దెబ్బలు కొట్టింది.

నంద్యాల మీదుగానే పోవాలి. ఆమెకు మొదటి నుంచి వైద్యం చేసిన ఆస్పత్రి రోడ్డు పక్కనే వచ్చింది. మద్దిలేటి బండి నెమ్మది చేశాడు. రేకు మీద ఒక్క దెబ్బ పడితే చాలు, ఆపేసేవాడు. పడలేదు. ఏ దోవా లేదని బావ చెప్పాక ఆమె ఎందుకు కొడుతుంది? ఆస్పత్రి వెనక్కి పోయింది.

మలుపు దగ్గర రోడ్డు పక్కన ఒక టీ బంకు ఉంది. దాని అవతల బండి ఆపి, కిటికీ లోయ వైపు తిప్పాడు. దిండ్లు ఎత్తుపెట్టి ఆమెను కూర్చోబెట్టాడు. మధ్యాహ్నమంతా ఆమె చూసింది. కింద అడవి మీద మబ్బుల నీడలు పోతుంటే వేలితో చూపించింది. రోడ్డు మీద బస్సు పోయిన ప్రతిసారీ ఎన్ని నిమిషాలు లేటో చెప్పింది. సిలిండరు ముల్లు కిందికి జారుతుంటే మద్దిలేటి దాని మీద తువ్వాలు కప్పాడు.

"నాకేం భయం లేదు బావా. నీ మొకం చూస్తేనే భయమైతాంది," అంది.

పొద్దు వాలింది. ఎదురుగా కొండ మీద పున్నమి చంద్రుడు లేచాడు. రెండో సిలిండరు అయిపోయింది. మిషను స్విచ్చి వేసి చూశాడు, అది ఉలకలేదు, పలకలేదు. మళ్లీ మళ్లీ వేశాడు. ఆమె గాలి కోసం గుంజుకున్న ఆ కాసేపు ఆయన ఆమె చేతులు పట్టుకొని, సెల్ చెప్పింది, సెల్ చెప్పింది అని తనలో తాను గొణుక్కుంటూ కూర్చున్నాడు. చివరకు ఆ చేతులు పట్టు వదిలేశాయి.

టీ బంకామె పిలిస్తే అంబులెన్సు వచ్చింది. గిద్దలూరు ఆస్పత్రిలో డాక్టరు పాత కాగితాలు చూసి తల ఎత్తాడు.

"కొత్తగా ఏమీ ముదరలేదు కదండీ. గాలి అందక పోయింది, అంతే. ఇన్ని ఊళ్లు దాటుకుంటూ వచ్చారు, ఎక్కడా ప్లగ్గే దొరకలేదా?"

మద్దిలేటి దగ్గర జవాబు ఉంది. ఆమె పోవడం ముందే రాసి ఉందని, సెల్ అది చెప్పిందని ఆయనకు తెలుసు. ఆ ఒక్క ఊతం మీదే ఆయన అంత్యక్రియలు చేశాడు, పెద్దకర్మ చేశాడు, వచ్చినవాళ్లకు నమస్కారాలు పెట్టాడు. ఇక ఆ సెల్‌ను జన్మలో ముట్టనని కూడా అనుకున్నాడు. ముట్టకపోతేనే కదా అది చెప్పింది నిజమయ్యేది.

బండి ఆ మలుపులోనే ఉండిపోయింది. తెచ్చుకుందామని బయలుదేరిన రోజున అమావాస్య. ఈ పూట బండి కదిలించొద్దని ఆయన అన్న భార్య అడ్డం నిలబడింది. మర్నాడు గిద్దలూరు బస్సెక్కి మలుపులో దిగాడు. కండక్టరు పిల్ల విజిల్ రెండుసార్లు ఊదింది, బస్సు పోయింది.

టీ బంకామె ఆయన్ను చూసి లేచి నిలబడింది.

"సార్, లోపల ఎవరన్నా ఉండారా?"

"ఎవరుంటారమ్మా?"

"ఏమో సామీ. ఆయమ్మ పోయిన తెల్లారి నుంచే గుర్రుమంటాంది. రేయీ పగలూ ఒకటే చప్పుడు. నేను భయపడి ఆ తట్టుకే పోలేదు."

మద్దిలేటి తలుపు తీశాడు. దీపం వెలుగుతోంది. ఫ్యాను తిరుగుతోంది. ఆ సాయంత్రం వేసి వదిలేసిన స్విచ్చి అట్లాగే ఉంది. మిషను నిండుగా, ఆరోగ్యంగా గుర్రుమంటూ, దిండు మీద పడి ఉన్న గొట్టంలోకి గాలి పంపుతోంది.

మొదట ఒళ్లు మండింది. ఎవడు నింపుతాడని ఇస్తున్నావే? తను నింపడు. ఈ రోజే దీన్ని పీకి లోయలోకి విసిరేస్తాడు. ఆ కోపంతోనే పొయ్యి గట్టు కింద పెట్టె మూత ఊడదీశాడు. పులిసిన పాల వాసన గుప్పుమని కొట్టింది.

రాగి పట్టీ మీద పచ్చగా చిలుం. పాలు కారిన చార అంతా ఎండి గట్టిపడి, రెండు తీగలూ కలిసే బోల్టు దగ్గర ముద్దగా పేరుకుంది. ఆయన వేలితో తాకగానే తీగ చివర పొడిపొడిగా రాలింది. డైనమో నుంచి గానీ పలక నుంచి గానీ సెల్‌లోకి చుక్క కరెంటు పోయే దారే లేదు.

వృత్తి అలవాటు పాడుగాను, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. కత్తితో చిలుం గీకింది, ఉప్పు కాగితంతో పట్టీని రుద్దింది, తీగ చివర కత్తిరించి కొత్త రాగి తేల్చి బోల్టు బిగించింది. టీ ఒకటి తాగేంత పని. పైన ఎండ కాస్తోంది, పలక నుంచి కరెంటు సెల్‌లోకి పారడం మొదలైంది. అప్పుడు గాని ఆయన బుర్ర చేతుల వెనక నుంచి వచ్చి చేరుకోలేదు.

సెల్ ఆమె చావు సంగతి చెప్పలేదు. దానికి చావులూ బతుకులూ ఏం తెలుసు? తీగ తెగబోతోందని చెప్పింది. నన్ను బాగుచేయండి అని చెప్పింది. ఆ మాట యాగంటిలోనే విని ఉంటే పాల చార కడిగితే సరిపోయేది. లోపలికి ఎంత పోతోందో చూపించే చిన్న మీటరు ఒకటి ఉన్నా సరిపోయేది. ఏ దోవా లేదని తను ఆమెతో అన్నాడు. ఆమె నమ్మింది. పెళ్లయిన నాటి నుంచి తన మాట ఏదీ సవాలు చేయకుండా నమ్మని మనిషి, ఆ ఒక్కదాన్ని నమ్మింది.

ఓబుళమ్మ పోయింది పున్నమి నాడు. ఈ రోజు పాడ్యమి. సెల్ చూపు పక్షం దూరం. ఈ రోజు బాగుచేశాడు కాబట్టి ఆమె పోయిన మర్నాటి నుంచి ఇవ్వడం మొదలుపెట్టింది. నిన్న వచ్చి బాగుచేసి ఉంటే ఆ సాయంత్రం, చంద్రుడు లేస్తుండగా, మిషను పలికేది. పలికి ఉంటే నిన్న ఇక్కడికి ఒంటరిగా రావలసిన పనే ఉండేది కాదు. ఈ రెండు మాటల మధ్య ఆయన చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. బయటికి దారి దొరకలేదు. మంచం అంచున కూర్చొని తలను రేకుకు కొట్టుకున్నాడు. టీ బంకామె పరుగెత్తుకొచ్చి తలుపు దగ్గర ఆగిపోయింది.

"ఏమైంది సామీ?"

"పాలు తుడవలేదమ్మా," అన్నాడు మద్దిలేటి. ఆమెకేమీ అర్థం కాలేదు.

సాయంత్రం దాకా ఏడ్చి, లేచి మొహం కడుక్కున్నాడు. ఎవరూ పీల్చని గాలి కోసం సెల్ పగలూ రాత్రీ ఇచ్చిన కరెంటంతా ఇప్పుడు నింపాలి. నింపుతాడు, అది కూడా తేలిపోయిన సంగతే. మిషను ఆపుదామని స్విచ్చి మీద వేలు పెట్టాడు గానీ ఆపలేకపోయాడు. ముందుకు వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చొని ఇంజను వేశాడు. గేరు మీద చెయ్యి పెట్టి, అలవాటు కొద్దీ ఆగాడు, వెనక రేకు మీద రెండు దెబ్బల కోసం.

రోడ్డు మీద బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. చీకటి పడింది. ఇంజను తిరుగుతూనే ఉంది, బండి మాత్రం కదల్లేదు.